శాంతిపర్వం లేని యుద్ధాలు



చాలాకాలం తరువాత మరల ఈ పుట తెరచి కూర్చున్నాను. పద్యాలకు ప్రతిపదార్థాలు వ్రాసుకొనే ముసలి పంతులుకు సైనికుల ఊసెందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. కారణం ఉన్నది. మొన్న ఒక సాహిత్యసభలో పదవీవిరమణ చేసిన సైనికుల ఆత్మహత్యల ప్రస్తావన వచ్చింది. చదువుకొన్న పెద్దమనిషి ఒకాయన లేచి, "శత్రువుకు వెరవనివాడు బ్రతుకుకు వెరచాడంటే వాడు సైనికుడే కాడు" అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది. వాక్యం వినడానికి సొంపుగానే ఉన్నది. కాని సొంపైన వాక్యాలన్నీ సత్యాలు కావని నలభై ఏళ్ళు పాఠం చెప్పినవానికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? ఆ చప్పట్లకు సమాధానంగా ఈ టపా వ్రాస్తున్నాను.

ఆయనను తప్పుపట్టే ముందు నన్ను నేను తప్పుపట్టుకోవాలి. అచ్చంగా ఆ మాటే కాకపోయినా, దానికి తోబుట్టువైన మాట నేనూ ఒకప్పుడు అన్నాను.

నా దగ్గర పదవ తరగతి చదివిన పిల్లవాడొకడు సైన్యంలో చేరాడు. పదిహేడేళ్ళు కొలువు చేసి, నలభై నిండకుండానే తిరిగి వచ్చి, ఒక సంస్థలో కాపలా ఉద్యోగంలో కుదురుకొన్నాడు. ఒకనాడు అతని భార్య కాగితాలు పట్టుకొని మా ఇంటికి వచ్చింది. పింఛను బకాయి గురించి ఏదో కార్యాలయానికి అప్పటికి నాలుగుసార్లు వ్రాశారట, జవాబు లేదట. "దరఖాస్తు మీరు దిద్ది పెట్టండి మాస్టారూ" అన్నది. దిద్దాను. అక్షరదోషాలు సరిచేశాను, 'కావున' అన్నచోట 'కనుక' పెట్టాను. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి ఆ అమ్మాయి, "ఆయన రాత్రిళ్ళు నిద్రపోవడం లేదండి, ఎవరితోనూ మాట్లాడడం లేదండి" అన్నది. "సైనికుడమ్మా, అతనికేమీ కాదు, దిగులు పడకు" అన్నాను. ధైర్యం చెప్పాననుకొన్నాను. నాలుగు నెలలకు ఆ ఇంటి ముందు షామియానా వేశారు. కాగితంలోని తప్పులన్నీ నా కంటికి కనబడ్డాయి, మనిషి కనబడలేదు. 'సైనికుడు' అన్న ఒక్క మాట అడ్డం పెట్టుకొని ఆ మనిషిని చూడడం మానుకొన్నాను. మొన్నటి సభలోని పెద్దమనిషి చేసిన పనీ అదే.

ఇక విషయానికి వస్తాను. ఈ మరణాలను గురించి ప్రభుత్వాలు ఏమి చేస్తున్నాయి? అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలున్నప్పుడు పొద్దుపోక చదవడం మొదలుపెట్టి, ఆ తరువాత వదలలేక చదివాను. మాజీ సైనికుల ఆత్మహత్యలను ఏటేటా లెక్కించి, ఆ లెక్కను తన ప్రజల ముందు పెట్టే దేశం అది. అందుచేత ఆ దేశపు కథనే పరీక్షకు తీసుకొంటున్నాను. వారిని నిందించడానికి మనకు దొరికే ఆధారాలన్నీ వారు వ్రాసిపెట్టినవే. ఈ సంగతి చివరిదాకా గుర్తుంచుకోవలసిందిగా మనవి.

ఆ లెక్క తేలికగా పుట్టినది కాదు. 2008లో కాలిఫోర్నియాలో మాజీ సైనికుల సంఘాలు ప్రభుత్వం మీద వేసిన వ్యాజ్యంలో ఒక ఉత్తరం బయటపడింది. అక్కడి మాజీ సైనికుల వ్యవహారాల శాఖలో మానసిక ఆరోగ్యం చూసే పెద్ద అధికారి తోటి అధికారికి వ్రాసిన ఈమెయిలు అది. తమ వైద్యశాలలకు వచ్చేవారిలో నెలకు సుమారు వేయి ఆత్మహత్యాయత్నాలు తమ దృష్టికి వస్తున్నాయని, ఎవరో కనిపెట్టే లోపల తామే జాగ్రత్తగా బయటపెట్టవలెనా అని అందులోని సారాంశం. అంతకు ముందు అదే శాఖ ఒక టీవీ సంస్థకు చెప్పిన లెక్క, ఏడాది మొత్తానికి ఎనిమిది వందలు కూడా నిండనిది. ఆ ఉత్తరం మొదలైనది 'ష్!' అన్న మాటతో. పరీక్షగదిలో పిల్లల నోరు మూయించడానికి మేము వాడే మాట అది. మరణాల విషయంలో ఒక ప్రభుత్వం వాడింది.

దానికి ఒక ఏడాది ముందే, 2007లో, ఇరాక్ నుండి తిరిగివచ్చి 2005 డిసెంబరులో ప్రాణం తీసుకొన్న అయోవా యువకుడు జాషువా ఓమ్విగ్ పేర చట్టం వచ్చింది. అదే ఏడు సంక్షోభంలో ఉన్నవారి కోసం టెలిఫోను సహాయకేంద్రం తెరిచారు. 2015లో క్లే హంట్ అనే మెరీన్ పేర మరొక చట్టం వచ్చింది. అతడు 2011లో చనిపోయాడు. 2020లో నౌకాదళానికి చెందిన జాన్ స్కాట్ హానన్ పేర ఇంకొకటి వచ్చింది. ప్రతి చట్టానికీ ఒక మృతుని పేరు. తెలుగుదేశంలో వీరుడు పడినచోట వీరగల్లు పాతేవారు. ఇవీ వీరగల్లులే, కాగితం మీద. కాకపోతే వీరగల్లు చచ్చినవాని కీర్తి కోసం, చట్టం బ్రతికి ఉన్నవాని కోసం. ఆ పని ఎంతవరకు చేసింది అన్నదే ప్రశ్న.

కొన్ని పనులు నిజంగా జరిగాయి. 2017 నుండి ఆ శాఖ తన వైద్య రికార్డులను గణించి, అత్యధిక ప్రమాదంలో ఉన్న వేయింటికొక్కరిని ముందుగానే గుర్తించి, వైద్యుల చేత పలకరింపజేస్తున్నది. 2022 జులై నుండి ఆ సహాయకేంద్రానికి మూడంకెల సంఖ్య వచ్చింది. 2023 జనవరి 17 నుండి, ఆత్మహత్యా సంక్షోభంలో ఉన్న అర్హుడైన మాజీ సైనికుడు ఏ ఆసుపత్రికి వెళ్ళినా ముప్పై రోజుల వరకు లోపలి చికిత్స, తొంభై రోజుల వరకు బయటి చికిత్స ఉచితం. ఆ శాఖలో అంతకు ముందు పేరు నమోదై ఉండవలసిన పని లేదు. మంచిపనిని మంచిపని అనకపోతే విమర్శకు విలువ ఉండదు కనుక చెబుతున్నాను.

ఇప్పుడు రెండవ వైపు చూడండి. 2014లో అరిజోనాలోని ఫీనిక్స్ వైద్యశాలలో రోగులు నెలల తరబడి నిరీక్షిస్తుంటే, ఆ నిరీక్షణ కనబడకుండా దొంగజాబితాలు నడిపినట్లు బయటపడింది. మే నెలాఖరులో ఆ శాఖ మంత్రి రాజీనామా చేశాడు. 2016లో ఆ శాఖ తనిఖీ అధికారులే ఇంకొక సంగతి బయటపెట్టారు. సంక్షోభంలో ఫోను చేసినవారిలో కొందరి పిలుపులు అదనపు కేంద్రాలకు మళ్ళి, అక్కడ సందేశం రికార్డు చేసే యంత్రానికి చేరాయట. అర్ధరాత్రి ఒక మనిషి తనలోని ఆఖరి బలం కూడగట్టుకొని ఫోను చేస్తే యంత్రం పలికింది! 2018 చివర ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ మరొకటి వెల్లడించింది. ఆత్మహత్యల నివారణ ప్రచారానికి ఆ ఏడు కేటాయించిన అరవై రెండు లక్షల డాలర్లలో, సెప్టెంబరు నాటికి ఖర్చయినది యాభై ఏడు వేలు. నూటికి ఒక్కటి కూడా కాదు. ఆ విభాగంలో అధికారులు మారుతూ, కుర్చీలు ఖాళీగా ఉండడం వల్ల ఇలా జరిగిందట. కుర్చీ ఖాళీగా ఉన్నదని మృత్యువు సెలవు పెట్టదు కదా!

ఇంత జరిగాక ఫలితమేమిటి? 2024లో ఆ శాఖ ప్రచురించిన నివేదిక ప్రకారం 2022లో 6,407 మంది మాజీ సైనికులు ఆత్మహత్య చేసికొన్నారు. సగటున దినానికి పదిహేడు మందికి పైనే. ఈ సంఖ్యను నమ్మని మిత్రులు "ఇరవై రెండు కదా" అనవచ్చు. ఆ ఇరవై రెండు కథ వేరు. 2012 నాటి నివేదికలో ఇరవై యొక్క రాష్ట్రాల సమాచారాన్ని బట్టి కట్టిన అంచనా అది. దానిని జనం నినాదం చేశారు. 2016లో రోజుకు ఇరవై రెండు దండీలు తీసి వీడియోలు పెట్టడం ఒక వేడుక అయింది. చనిపోయినవారందరూ ఇరాక్, అఫ్ఘనిస్తాన్ యుద్ధాల యువకులేనని లోకం అనుకొన్నది. ఆ నివేదికలోనే, చనిపోయినవారిలో మూడింట రెండు వంతులకు పైగా యాభై ఏళ్ళు దాటినవారని ఉన్నది. ఇంటిలో ఒంటరిగా కూర్చున్న వియత్నాం కాలపు ముసలివాని కోసం ఎవరూ దండీలు తీయలేదు. తరువాత అన్ని రాష్ట్రాల సమాచారం సేకరించి, నిర్వచనాలు సవరించి లెక్క కడితే సంఖ్య తగ్గింది. అంటే లెక్క మెరుగుపడిందే కాని, మరణాలు తగ్గాయని కాదు. 2001లో అమెరికాలో మాజీ సైనికులు రెండున్నర కోట్ల పైచిలుకు. 2022 నాటికి కోటీ ఎనభై లక్షల పైచిలుకు. మంది తరిగిపోతున్నా మరణాల సంఖ్య ఇంచుమించు అక్కడే నిలిచిందంటే, ఒక్కొక్కని ప్రమాదం పెరిగిందనే అర్థం. పదిహేనేళ్ళ చట్టాలకు ఇది సిగ్గుపడవలసిన ఫలితం.

ఎందుకిలా? నాకు తోచిన సమాధానం చెబుతాను, ఒప్పుకోనివారు వ్యాఖ్యలలో వాదించండి.

ప్రభుత్వం ఈ మరణాన్ని ఆఖరి గంటలో మాత్రమే చూస్తున్నది. ఆఖరి గంటలో ఫోను ఉండవలసిందే, దానిని కాదనను. కాని ఆ గంటకు ముందు సంవత్సరాలున్నాయి. కాగితానికి జవాబు రాని సంవత్సరాలు, గాయం యుద్ధం వల్లనే అయిందని నిరూపించుకోవలసిన సంవత్సరాలు, దళంలో ఉన్నప్పుడు పేరున్నవాడు ఊళ్ళో 'ఆ కాపలావాడు' అయిపోయిన సంవత్సరాలు. చనిపోయినవారిలో సగానికి మించి, ఇటీవలి కాలంలో ఆ శాఖ వైద్యశాల గడప తొక్కనివారు. గడప తొక్కనివానిని కంప్యూటరు ఎలా గుర్తిస్తుంది? వానిని గుర్తించవలసినది పొరుగువాడు, తోటి సైనికుడు, దరఖాస్తు దిద్దే పంతులు.

మరొకటి, అందరికీ తెలిసి పెద్దగా ఎవరూ అనని సంగతి. ఆ మరణాలలో నూటికి డెబ్బై మూడింటిలో సాధనం తుపాకీ. ఆ దేశంలో తుపాకీ మాట ఎత్తితే రాజకీయం భగ్గుమంటుంది కనుక, ప్రభుత్వం తాళాలు ఉచితంగా పంచి ఊరుకొంటున్నది. తాళమూ మంచిదే. కాని మనిషికీ మారణసాధనానికీ మధ్య కాలమూ దూరమూ పెడితే ప్రాణాలు నిలుస్తాయన్నది ఋజువైన విషయం. ఇజ్రాయెల్ సైన్యం 2006లో వారాంతపు సెలవుకు ఇళ్ళకు వెళ్ళే సైనికులు ఆయుధాలు వెంట తీసికొనిపోకుండా కట్టడి చేసింది. సైనికుల ఆత్మహత్యలు నూటికి నలభై వంతున తగ్గాయి. ఆ ఆవేశం గడియలది. ఆ గడియలు దాటించగలిగితే మనిషి దక్కుతాడు. ఇది తెలిసీ మాట్లాడని ప్రభుత్వం, సైనికునికి ధైర్యం బోధించే అర్హతను కోల్పోతుంది.

ఇక 'పిరికితనం' అనే మాట. మన భాషలో 'ఆత్మహత్య' అంటాము. హత్య అనగానే హంతకుడు కావాలి, ఆ నేరం చచ్చినవాని మీదే పడుతుంది. 'బలవన్మరణం' అన్న మాట మేలు. 'బలవత్' అంటే బలము కలది. ఆ మరణం వెనుక ఉన్న బలమేది అని వెదకమని ఆ సమాసమే మనలను అడుగుతున్నది. నిద్రలేమి, నొప్పి, మద్యం, అప్పు, ఒంటరితనం, చేసిన పనిని తలచుకొని తనను తాను క్షమించుకోలేని స్థితి. ఈ చివరిదానిని జోనథన్ షే అనే వైద్యుడు లోకం దృష్టికి తెచ్చాడు. బోస్టన్‌లో వియత్నాం సైనికులకు వైద్యం చేస్తూ, వారి మాటలలో హోమర్ కావ్యంలోని అకిలీస్ గొంతు విని, 1994లో ఒక గ్రంథం వ్రాశాడు. ధర్మం దెబ్బతిన్న గాయమని దాని భావం. కావ్యం చదివిన వైద్యునికి రోగం తెలిసింది. కావ్యాలు చదివిన మన సభ మాత్రం చప్పట్లు కొట్టింది!

మనకు అకిలీస్ దాకా పోవలసిన పని లేదు. పదునెనిమిది రోజుల యుద్ధం గెలిచిన ధర్మరాజు ఏమన్నాడు? కర్ణుడు తన అన్న అని తెలిసి, ఈ రాజ్యం నాకు వద్దు, అడవికి పోతానన్నాడు. అర్జునుడు వాదించాడు, భీముడు ఎగతాళి చేశాడు, ద్రౌపది నీకు మతి చలించిందన్నది. మొన్నటి మన పెద్దమనిషి వంటివారే వారందరూ. వ్యాసుడూ కృష్ణుడూ మాత్రం అతని దుఃఖాన్ని దుఃఖంగా గుర్తించి దగ్గర కూర్చున్నారు. పట్టాభిషేకం అయినా అది తీరలేదు. కృష్ణుడు అతనిని అంపశయ్య మీది భీష్ముని దగ్గరకు తీసికొనిపోయాడు. యుద్ధంలో తానూ గాయపడినవాడు, ఆ గాయాల మీదనే పడుకొన్నవాడు ఉపదేశం చేశాడు. శాంతిపర్వం, ఆనుశాసనికపర్వం అంత పొడవున. అంతా విన్న తరువాత, భీష్ముడు గతించాక, అశ్వమేధపర్వారంభంలో ధర్మరాజు మళ్ళీ కుప్పకూలాడు. మళ్ళీ ఓదార్చారు. "ఇంత చెప్పినా ఇంకా ఏడుస్తావా, తొంభై రోజులు అయిపోయాయి" అని ఫైలు మూయలేదు. భారతంలో యుద్ధపర్వాలు ఐదైతే, ఆ తరువాతి పర్వాలు ఎనిమిది. యుద్ధం చేయించిన రాజ్యం ఆ తరువాతి పర్వాలనూ భరించాలని మన కవులకు తెలుసు. నేటి ప్రభుత్వాలు సౌప్తికంతో పుస్తకం మూసి, అట్ట వెనుక ఒక టెలిఫోను నంబరు అచ్చు వేస్తున్నాయి.

ఇంతసేపు అమెరికాను దులిపాను. ఇప్పుడు మొదట గుర్తుంచుకోమన్న మాటకు వస్తాను. వారి తప్పులు మనకు వారి లెక్కల వల్లనే తెలిశాయి. మనదేశంలో నేరగణాంకాల సంస్థ ఏటా ఆత్మహత్యల నివేదిక వేస్తుంది. రైతులు, కూలీలు, గృహిణులు, విద్యార్థులు, పదవీవిరమణ చేసినవారు అని గడులున్నాయి. కేంద్ర సాయుధ పోలీసు బలగాలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. మాజీ సైనికునికి గడి లేదు. కాపలా ఉద్యోగం చేస్తూ పోయిన నా శిష్యుడు ఏ గడిలో పడ్డాడు? ప్రైవేటు ఉద్యోగి గడిలో పడి ఉంటాడు. అతని పదిహేడేళ్ళ సైనికజీవితం ఆ లెక్కలో లేదు. అమెరికా ఒకప్పుడు 'ష్!' అని బయటపడి సిగ్గుపడింది. మనకు 'ష్' అనవలసిన అవసరం కూడా రాలేదు, అడిగినవారు లేరు కనుక. 2022 నవంబరులో కేంద్రం జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం ప్రకటించి, 2030 నాటికి మరణాలను పది శాతం తగ్గిస్తామన్నది. లెక్కలో లేనివాని మరణాన్ని ఎవరు, ఎంత తగ్గిస్తారు?

ఇది రేపటి అవసరం కూడ. సైన్యం విడిచిన తొలి సంవత్సరం అత్యంత ప్రమాదకరమని అమెరికా అనుభవం. 2018 జనవరిలో ఆ తొలి ఏడాదికి ప్రత్యేకంగా మానసిక వైద్యసదుపాయం కల్పించమని అధ్యక్షుని ఉత్తర్వు వచ్చింది అందుకే. చిన్నవయసులో, కొద్దికాలం సేవచేసి బయటికి వచ్చినవారికి ముప్పు ఎక్కువని బ్రిటన్ అధ్యయనాలూ చెప్పాయి. 2022లో మనం అగ్నిపథ్ తెచ్చాము. నాలుగేళ్ళ సేవ, ఆ పైన నలుగురిలో ఒక్కరికే కొనసాగింపు, మిగతావారికి పింఛను లేదు. మొదటి దళాల గడువు 2026 చివర నుండి తీరడం మొదలవుతుంది. ఇరవైలలో ఉన్న పిల్లలు ఊళ్ళకు వస్తారు. మిలిటరీ మాధవరం వంటి ఊళ్ళున్న నేల మనది. వారిలో మన శిష్యులుంటారు, మన పిల్లల స్నేహితులుంటారు. ఆ పథకం మంచిచెడ్డల జోలికి నేను పోవడం లేదు. వారికి తొలి ఏడాది ఎవరు ఫోను చేస్తారు, ఎవరు లెక్క వ్రాస్తారు అని మాత్రం అడుగుతున్నాను.

నేను కోరేవి మూడు. మాజీ సైనికునికి ఆ నివేదికలో ఒక గడి. సైన్యం విడిచినవానికి తొలి ఏడాది నెలకొకసారి, తోటి మాజీ సైనికుని చేత పలకరింపు. పింఛను, వైకల్య దరఖాస్తులకు గడువులోగా జవాబు, జవాబు రాకపోతే అధికారి సంజాయిషీ. మూడింటిలో ఏదీ శతఘ్నికయ్యే ఖర్చు కాదు.

మనం చేయవలసినది ఒకటే ఉన్నది. "సైనికుడు, అతనికేమీ కాదు" అనే వాక్యాన్ని మన నోట రానీయకుండా ఉండడం. 'నిద్ర పడుతున్నదా నాయనా?' అని ఎదురుగా కూర్చొని అడగడం. 'చచ్చిపోవాలనిపిస్తున్నదా?' అని సూటిగా అడిగినా ఆ ఆలోచన కొత్తగా పుట్టదని వైద్యులు చెబుతున్నారు. అడిగినందుకు మనసు తేలికపడేవారే ఎక్కువ. ఇది చదివేవారిలో ఎవరికైనా ఆ బరువు ఉంటే, మనదేశంలో టెలిమానస్ నంబరు 14416, పగలైనా రాత్రియైనా తెలుగులో మాట్లాడవచ్చు. అమెరికాలో ఉన్నవారికి 988, మాజీ సైనికులైతే ఆపైన ఒకటి నొక్కాలి. టెలిఫోను నంబర్లను ఎగతాళి చేశానని దయచేసి అనుకోవద్దు. ఆ నంబరు ఒక్కటే మిగలడం మీద నా కోపం.

మొన్నటి సభలో నేను లేచి ఈ మాటలు చెప్పలేదు. చప్పట్లు ఆగేదాకా తలవంచుకొని కూర్చొని, ఇంటికి వచ్చి, పాత కాగితాల కట్టలో ఆ దరఖాస్తు చిత్తుప్రతి వెదికాను. నా ఎర్రసిరా దిద్దుబాట్లతో సహా ఉన్నది. ఒక్క అక్షరదోషం లేదు. దానికి జవాబు ఈనాటికీ రాలేదు.

సెలవు.